కోటంతా కుట్టకు, జెండా కర్ర చాలు

ఉత్తరం రాయగడ నుంచి. పేరు వద్దంది కాబట్టి రాయను. కుదించి చెబుతున్నా:

"అక్కా, మాకు పెళ్ళయి వచ్చే నెలకి ఏడాది. సరిగ్గా ఐదు వారాలుంది. మా ఆయన మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఇంటికొచ్చి కాసేపు ఆ పాత మారియో వీడియో గేమ్ ఆడితే తప్ప టెన్షన్ దిగదు ఆయనకి. కొన్న గిఫ్టు కాకుండా చేత్తో క్రాస్ కుట్టు బొమ్మ కుట్టి ఇద్దామనుకున్నా. నేను స్కూల్లో ఉన్నప్పుడు రెండు రుమాళ్ళు కుట్టా, అంతే అనుభవం. ఆటలో కోట కనబడే ఒక స్క్రీన్ ఫొటో తీసి, కుట్టు నమూనా చేసే యాప్‌లో పెడితే అది 57 రంగులు చెప్పింది. అన్ని రంగులూ కొనాలా? మా అత్తగారు చూసి చిన్నపిల్లల బొమ్మా అంటారేమోనని భయం కూడా. ఇంకో మాట, ఆయన చిన్నప్పుడు పర్లాకిమిడిలో వాళ్ళ అక్కతో కలిసి అరగంటకి రూపాయి ఇచ్చి ఈ ఆట ఆడేవారట, చివర్లో జెండా కర్ర ఎక్కేటప్పుడు వదినకి ఎప్పుడూ 5000 వచ్చేదట, ఈయనకి ఎప్పుడూ 400. ఒక్కసారి మాత్రం ఈయనకీ 5000 వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు."

చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆ 57 రంగుల దగ్గర నవ్వొచ్చింది. రెండోసారి చివరి మూడు వాక్యాల దగ్గర ఆగిపోయాను. కుట్టాల్సింది నువ్వే రాసేసి, దాన్ని "ఇంకో మాట" అని అడుగున పడేశావు. స్క్రీన్ ఫొటో తీసేయ్, యాప్ కూడా తీసేయ్. ఎంత పైన పట్టుకుంటే అన్ని ఎక్కువ పాయింట్లొచ్చే ఆ జెండా కర్ర కుట్టు. కర్ర పైన మీ ఆయన మారియో, పక్కన 5000. అంతే బొమ్మ.

ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడు. తెర మీది ఒక్కో చుక్కని ఒక గడి అనుకుంటే, ఆ పాత మారియో స్క్రీను 256 గళ్ళ వెడల్పు, 240 గళ్ళ ఎత్తు. గడికి ఒక కుట్టు అనుకున్నా 61,440 కుట్లు. కొత్తగా కుట్టేవాళ్ళ చెయ్యి గంటకి వంద కుట్లు కుడితే గొప్ప, అంటే 614 గంటలు. నీకున్నది 35 రోజులు. రోజుకి పదిహేడున్నర గంటలు కూర్చోవాలి, మరి అన్నం ఎవరు వండుతారు? ఇక ఆ 57 రంగులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, ఫోనులో తీసిన ఫొటోలో ప్రతి గడి అంచూ కొంచెం మసకబారుతుంది. ఎరుపుకీ నీలానికీ మధ్య ఒక బురద రంగు పుడుతుంది, యాప్ దాన్ని కూడా ఒక రంగని లెక్కేస్తుంది. అసలు ఆటలో చిన్న మారియోకి ఉన్నవి మూడే రంగులు. టోపీకీ ఓవరాల్‌కీ ఎరుపు, జుట్టుకీ మీసానికీ చొక్కాకీ ఒకే ఆకు కలిసిన గోధుమ రంగు, ముఖానికి నారింజ పసుపు. బూట్లు కూడా ఆ గోధుమ రంగే.

ఆ బొమ్మ అలా ఎందుకుందో తెలిస్తే నీకే ధైర్యం వస్తుంది. మారియో మొదట కనబడింది 1981లో, డాంకీ కాంగ్ అనే ఆటలో. గీసినాయన షిగెరు మియమోటో. చేతిలో ఉన్నవి గుప్పెడు గళ్ళు, అంతలో మనిషి మనిషిలా కనబడాలి. నోరు గీయడానికి చోటు లేక పెద్ద ముక్కు పెట్టి కింద మీసం పెట్టాడు, జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టేశాడు, చేతులు ఊపితే తెలియాలని ఓవరాల్స్ తొడిగాడు. మీ ఆయన రోజూ ఆడే సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చింది, అందులో లెవెళ్ళు కూడా గళ్ళ కాగితం మీద గీసుకున్నవే. క్రాస్ కుట్టు వేసే ఆడవాళ్ళం చేసేదీ అదే కదా, గళ్ళు లెక్కపెట్టుకుని ముక్కూ మొహం తెప్పించడం. మన ఇళ్ళల్లో గోడకి వేలాడే "స్వాగతం" ఫ్రేములో చిలకలు చూశావుగా, వాటి ముక్కులు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఈ ఆట బొమ్మ వాటికి వేలువిడిచిన మేనమామ.

ఇప్పుడు కొలతలు. చిన్న మారియో 12 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ ఎత్తు. అంగుళానికి 14 గళ్ళుండే బట్ట మీద గడికొక కుట్టు వేస్తే అంగుళం పైచిలుకు ఎత్తే వస్తాడు, మీ ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాలి. అందుకని ఆటలోని ఒక్కో గడికి నాలుగు కుట్లు, అంటే అడ్డంగా రెండు నిలువుగా రెండు. అప్పుడు మారియో 24 కుట్ల వెడల్పు, 32 కుట్ల ఎత్తు వస్తాడు. కర్ర రెండు కుట్ల మందం, వంద కుట్ల ఎత్తు చాలు. పైన ఆకుపచ్చ బంతి. ఆటలో మారియో కర్ర పట్టుకోగానే జెండా కిందికి దిగుతుంటుంది, కుడి పక్కన వచ్చిన అంకె పైకి లేస్తుంటుంది, గమనించావా? మనకి అది బాగా కలిసొచ్చింది. జెండాని ఎడమవైపు సగం దూరంలో పెట్టు, కుడివైపు కొంచెం పైకి 5000 పెట్టు. అసలు ఆటలో మారియో కూడా జారుకుంటూ దిగిపోతాడు గానీ, నువ్వు మాత్రం ఆయన్ని కిందికి దింపకు. బంతికి ఆనుకునే ఉండనీ.

మొత్తం కలిపి 1,800 కుట్లకి అటూఇటూ అవుతుంది. అంటే 18 గంటలు. తప్పులు విప్పుకునే టైము ఇంకో ఐదారు గంటలు వేసుకో, విప్పకుండా ఎవరూ కుట్టలేదు ఇంతవరకు. రోజుకి గంట చొప్పున చేసినా నాలుగు వారాల్లోపు అయిపోతుంది, చివరి వారం ఫ్రేముకి. పూర్తయిన బొమ్మ ఎనిమిది అంగుళాల పైచిలుకు పొడుగు, నాలుగు అంగుళాల పైచిలుకు వెడల్పు. బట్ట మాత్రం 14 అంగుళాలకి 10 అంగుళాలు కత్తిరించు, చుట్టూ దాదాపు మూడేసి అంగుళాలు వదలకపోతే ఫ్రేము కట్టేవాడు నిన్ను తిడతాడు.

ఒక్క సంగతి ముందే తేల్చుకో. ఆ రోజు ఆయన 5000 కొట్టింది చిన్న మారియోతోనా, పుట్టగొడుగు తిన్న పెద్ద మారియోతోనా? పెద్దవాడైతే 16 గళ్ళ వెడల్పు 32 గళ్ళ ఎత్తు, లెక్కంతా మారిపోతుంది. ఆయన్నే అడిగితే గుట్టు బయటపడుతుంది. మీ వదినకి ఫోన్ చెయ్. అక్కలకి తమ్ముళ్ళ ఓటములు బాగా గుర్తుంటాయి, గెలుపు సంగతి కూడా కొంచెం బతిమాలితే చెబుతుంది. ఆవిడకీ గుర్తు లేదంటే చిన్నవాడినే కుట్టేయ్, తక్కువ పని.

సామాన్లకి వద్దాం. షాపులో ఈ గళ్ళ బట్టని ఐడా క్లాత్ అంటే కొందరికి తెలీదు, మ్యాటీ క్లాత్ అని అడుగు. మీ ఊళ్ళో లేసులూ బటన్లూ అమ్మే ఫ్యాన్సీ షాపుల్లో ముందు చూడు, లేకపోతే పార్వతీపురమో విజయనగరమో వెళ్ళేవాళ్ళకి చెప్పి తెప్పించుకో, అదీ కాకపోతే ఆన్‌లైనే గతి. కొనేముందు ఒక పని తప్పకుండా చెయ్యి. స్కేలు పెట్టి అంగుళంలో ఎన్ని గళ్ళున్నాయో అడ్డంగా లెక్కపెట్టు, తర్వాత నిలువుగా లెక్కపెట్టు. మీటర్ల లెక్కన అమ్మే చవక మ్యాటీలో అడ్డం 14 ఉంటే నిలువు 12 ఉంటుంది ఒక్కోసారి. అలాంటి బట్ట మీద కుడితే మారియో సాగిపోయి తాటిచెట్టు ఎక్కినట్టుంటాడు. లేత నీలం బట్ట దొరికితే అదే తీసుకో. ఆకాశం ఉచితంగా వచ్చేస్తుంది, తెల్ల జెండా, తెల్ల అంకెలు దాని మీద బాగా లేస్తాయి. తెల్ల మ్యాటీయే దొరికితే జెండాకి చుట్టూ ఆకుపచ్చ గీత వేసి, అంకెల రంగు మార్చుకోవాలి.

దారం యాంకర్ కంపెనీదైనా డీఎంసీ కంపెనీదైనా సరే, ఆరు పోగుల కాటన్ దారం. ఒక లచ్చి 8 మీటర్లుంటుంది, 14 గళ్ళ బట్టకి రెండు పోగులతో కుట్టాలి. అలా కుడితే ఒక లచ్చికి వెయ్యికి పైనే కుట్లు వస్తాయి, కాబట్టి నీకు ఎరుపు, గోధుమ, నారింజ, ఆకుపచ్చ, తెలుపు, ఒక్కోటి ఒక్కో లచ్చి చాలు. ఐదు లచ్చిలు. 57 కాదు. సూది మొండి మొనది, 24 నంబరు.

నాకు తెలిసిన కొత్తవాళ్ళందరూ పాడుచేసేది మొదలుపెట్టడమే. అందుకని అక్కడ కాస్త నిదానంగా చెబుతా. లచ్చి లోంచి ఆరు పోగుల దారం రెండు మూరలు కత్తిరించు. చివర పట్టుకుని ఒక్క పోగు మాత్రం పైకి లాగు, మెల్లగా. మిగతా ఐదూ ముడతపడి గొంగళిపురుగులా దగ్గరికి వస్తాయి, కంగారుపడి వదిలేయకు, పోగు పూర్తిగా వచ్చేశాక అవే సాఫీ అయిపోతాయి. రెండు పోగులు ఒకేసారి లాగావంటే మాత్రం చిక్కే. ఇప్పుడా ఒక్క పోగుని సగానికి మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కించు. అవతలి చివర మడత, అంటే చిన్న ఉచ్చు మిగులుతుంది. బట్ట వెనక నుంచి సూది పైకి తీసి, ఉచ్చు కొంచెం వెనకే ఉండేలా ఆపు. ఐమూలగా అవతలి బెజ్జంలో సూది కిందికి దించి, వెనక ఆ ఉచ్చులోంచి దూర్చి లాగు. టక్కుమని బిగుసుకుంటుంది. ముడి లేదు, తోక లేదు. ముడి వేశావో, ఫ్రేములో పెట్టాక సరిగ్గా మారియో ముక్కు దగ్గర ఉబ్బెత్తుగా కనబడుతుంది. దారం అయిపోతే వెనక నాలుగైదు కుట్ల కిందనుంచి దూర్చి కత్తిరించు.

ఇంటూ మార్కులో పై గీత అన్నింటికీ ఒకే వైపు వాలాలి. కింద గీత ఎడమ నుంచి కుడికి ఎక్కితే, పై గీత కుడి నుంచి ఎడమకి ఎక్కాలి. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా అదే. ఒక వరస కింది గీతలన్నీ వేసుకుంటూ వెళ్ళి, తిరిగి వస్తూ పై గీతలు వేసుకో, అప్పుడు మర్చిపోయే ప్రశ్నే లేదు. ఇది పట్టించుకోకపోతే దగ్గర్నుంచి తెలీదు గానీ, దీపం వెలుగు పడినప్పుడు బొమ్మ మీద మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

బట్టని నాలుగు మడతలు పెట్టి మధ్య బెజ్జం గుర్తుపెట్టుకుని, అక్కణ్ణుంచి లెక్కపెట్టు. పది గళ్ళకొకటి చొప్పున వేరే రంగు దారంతో పొడుగు కుట్లు వేసి గీతలు పెట్టుకుంటే లెక్క తప్పదు, తర్వాత లాగేయొచ్చు. రాత్రి పని అయ్యాక ఎంబ్రాయిడరీ రింగు విప్పెయ్, అలాగే వదిలేస్తే గుండ్రటి మరక పడుతుంది. చేతులు కడుక్కునే కూర్చో. నేను పులుసు కలిపిన చేత్తో కూర్చుని ఒక తెల్ల బాతుకి పసుపు ఈకలు తెప్పించాను ఒకప్పుడు.

ఎరుపు గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే మారియో టోపీ, ఓవరాల్ అదే. మా చిన్న మరిది పెళ్ళికి దిండు గలీబు కుట్టాను, ఎర్ర గులాబీలు తెల్ల బట్ట మీద. గుణుపురంలో ఉండేవాళ్ళం అప్పుడు, నౌపడ రైలు ఇంకా చిన్న లైను మీద నడిచే రోజులు. కుట్టడం అయ్యాక మురికి పోవాలని గోరువెచ్చని నీళ్ళలో సబ్బు వేసి నానబెట్టాను. గంటకి వచ్చి చూస్తే గులాబీలు లేవు, గులాబీ రంగు గలీబు ఉంది. దారం అమ్మినవాణ్ణి ఏమీ అనను, ఆ వెచ్చని నీళ్ళు పోసింది నేనే. నువ్వు ఎర్ర దారం కుట్టకముందే చల్లనీళ్ళలో ముంచి, తెల్ల గుడ్డ మీద ఒత్తి చూడు. రంగు దిగితే నీళ్ళు తెల్లగా వచ్చేదాకా జాడించి నీడలో ఆరబెట్టు. పూర్తయిన బొమ్మని కూడా చల్లనీళ్ళతోనే కడుగు, తువ్వాలు మీద బోర్లా వేసి వెనకనుంచి ఇస్త్రీ చెయ్.

అత్తగారి సంగతి. నీ భయం నాకు అర్థమైంది గానీ నాకెందుకో ఆవిడ అలా అనరనిపిస్తోంది, ఎందుకంటే అరగంటకి రూపాయి చొప్పున ఆ పిల్లలిద్దరికీ ఇచ్చింది ఆవిడే అయ్యుంటారు. దాచిపెట్టి కుట్టడం ఎలాగూ కుదరదు, ఒకే ఇంట్లో. ఆవిడకి చెప్పేసి ఆవిడ గదిలో కిటికీ దగ్గర కూర్చుని కుట్టు. మీ ఆయన డ్యూటీ నుంచి వచ్చే టైముకి ఆవిడే కేకేస్తారు. ఆవిడకీ చేతిపని వస్తే మరీ మంచిది, జెండా ఆవిడ చేత కుట్టించు. "ఇది చిన్నపిల్లల బొమ్మ కదా" అని ఎవరైనా బంధువులు అంటే మీ జిల్లాలోనే జవాబుంది, నియమగిరి కొండల డోంగ్రియా కొంధు గిరిజన ఆడవాళ్ళని చూపించు. బుధవారం చటికొణ సంతకి వస్తారు కదా, భుజాన ఆ కుట్టుపని శాలువా ఉంటుంది, కప్డాగండ. ముతక బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో సూదిపని చేసి, ప్రేమగా తమవాళ్ళకి ఇచ్చుకుంటారు. 2024లో దానికి జీఐ, అంటే ఆ ప్రాంతపు సొంత వస్తువనే గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళు కొండల్ని కుట్టుకుంటారు, నువ్వు జెండా కర్రని కుడుతున్నావు.

నువ్వు అడగలేదు గానీ, బాగా వస్తే ఎవరో ఒకరు "మాకూ కుట్టి పెట్టు, డబ్బులిస్తాం" అంటారు. ఇంట్లో పెట్టుకోవడానికి ఒకటి కుట్టుకోవడం వేరు, ఆర్డర్లు తీసుకుని అమ్మడం వేరు. మారియో నింటెండో కంపెనీ బొమ్మ, వ్యాపారం జోలికి పోకు.

ఫ్రేము దగ్గర రెండే మాటలు. అట్టకి ఫెవికాల్ పెట్టి అతికించనివ్వకు, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు మరక తేలుతుంది. దళసరి అట్ట మీద బట్ట పరిచి, వెనక అంచుల్ని దారంతో అటూ ఇటూ లాగి కట్టాలి, నులకమంచం అల్లినట్టు. అద్దం బట్టకి తగలకుండా మధ్యలో అట్ట చట్రం పెట్టమను, మన వైపు వానాకాలం చెమ్మకి అద్దానికి అంటుకున్న బట్ట బూజు పట్టేస్తుంది.

అట్ట కట్టేముందు బట్ట వెనక ఒక మూల, ఎవరికీ కనబడనిచోట, చిన్నగా 400 అని కుట్టు. ఆయనకి చెప్పకు. ఎప్పుడో ఇల్లు మారేటప్పుడో, అద్దం పగిలినప్పుడో విప్పితే కనబడుతుంది, లేకపోతే వదిన వచ్చినప్పుడు నువ్వే చెవిలో చెప్పుకో.

ఇక ఇవాళే మొదలుపెట్టాలనుంటే బొమ్మ మీద చెయ్యి వేయకు. మిగిలే ముక్క మీద ఒక పొద కుట్టి చూడు. ఆ ఆటలో మేఘం, పొద రెండూ ఒకే ఆకారం, తెల్ల రంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. అది ఒక గంటలో ఎంత వచ్చిందో లెక్కపెట్టుకుంటే నీ చెయ్యి వేగం తెలిసిపోతుంది. తర్వాత కర్ర మీది బంతి, దాని కింద కర్ర, అప్పుడు మారియో. షాపులో ఆడమనిషి "అవుట్‌లైన్‌కి నలుపు తీసుకోండమ్మా" అని ఒక లచ్చి అంటగడుతుంది, వద్దను. ఆ మారియోకి నల్ల గీత లేనే లేదు.